గీత దాటకముందే

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం. విషయం: ప్రీడయాబెటిస్‌ను గుర్తించడం, అదుపులో పెట్టుకోవడం)



యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే తెలుగువారికి మొదట గుర్తొచ్చేవి ఆరియోమైసిన్, ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్కులో కన్నుమూసిన ఆ మహాశాస్త్రవేత్త, మందుల తయారీ వైపు వెళ్లకముందు హార్వర్డ్ వైద్య కళాశాలలో చేసిన పని గురించి మాత్రం మన సభల్లో తక్కువగా చెప్పుకుంటాం. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారిద్దరూ ప్రపంచానికి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని వేరుగా కనుగొన్నారు. మనిషి నడిచినా, బరువెత్తినా, కండరం ఖర్చుపెట్టేది ఆ ఏటీపీనే.

హార్వర్డ్‌లో సుబ్బారావు పనిచేసిన విభాగానికి అప్పట్లో అధిపతి ఆటో ఫోలిన్. సియెన్ వూ అనే చైనా శాస్త్రవేత్తతో కలిసి ఆయన 1919, 1920 సంవత్సరాల్లో రూపొందించిన రక్తపరీక్షల పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబుల్లో రక్తంలోని చక్కెరను కొలిచింది. అంటే రక్తంలో గ్లూకోజు ఎంతుందో చెప్పే పద్ధతీ, కండరం శక్తిని ఎలా వాడుకుంటుందో చెప్పే పరిశోధనా ఒకే విభాగంలోంచి వచ్చాయి. ఈనాటి విషయం ఆ రెండింటి మీదే నిలబడింది. అందుకే సుబ్బారావు స్మృతిలో ప్రీడయాబెటిస్ గురించి మాట్లాడుకోవడం అన్ని విధాలా తగిన పని.

"బోర్డర్‌లో ఉందట"

తెలుగు ఊళ్లలో ఏ ల్యాబు ముందు కాసేపు నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "షుగర్ బోర్డర్‌లో ఉందట." ఆ మాట చెప్పేవారి ముఖంలో చాలాసార్లు ఊరటే కనిపిస్తుంది. జబ్బు ఇంకా రాలేదు, డాక్టరు మందులేమీ రాయలేదు, వచ్చే ఏడాది మళ్లీ చూసుకోవచ్చు. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోతుంది. అది అలా బీరువాలో పడివున్న రెండు మూడేళ్లే, వైద్యశాస్త్రం ఆ మనిషికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేయగలిగిన కాలం. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

దేశంలో ఎంతమంది ప్రీడయాబెటిస్ అనే ఈ బోర్డర్ స్థితిలో ఉన్నారు? భారత వైద్య పరిశోధన మండలి, మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ కలిసి రాష్ట్రాలన్నిటా చేసిన ఇండియాబ్ అధ్యయనం 2023లో లెక్కలు చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిన 1,13,043 మందిని పరీక్షించి వేసిన అంచనా ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. ప్రీడయాబెటిస్ ఉన్నవారు 13 కోట్ల 60 లక్షల మంది. వయోజనుల్లో ఇది 15.3 శాతం. అంటే పెద్దవాళ్లు వంద మంది కూర్చున్న సభలో సగటున పదిహేను మంది మధుమేహం గీతకు ఇవతల నిలబడి ఉంటారు. వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. ఈ దశలో దాహం వేయదు, బరువు తగ్గరు, పుండ్లు మానకపోవడం ఉండదు. శరీరం ఫిర్యాదు చేయదు. కొందరికి మాత్రం మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, మఖమల్ గుడ్డలా తయారవుతుంది. పిల్లల మెడ మీద ఇలాంటి నలుపు కనబడితే మురికి అనుకుని తల్లులు సున్నిపిండితో రుద్దుతారు. అది మురికి కాదు, రక్తంలో ఇన్సులిన్ అవసరానికి మించి తిరుగుతోందనడానికి చర్మం చూపే ఆనవాలు. కాలేయంలో కొవ్వు చేరిందని స్కానింగులో రాయడం, ట్రైగ్లిజరైడ్లు పెరిగి మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, ఆడపిల్లలకు పీసీఓఎస్ అనే అండాశయ సమస్య వల్ల నెలసరి తప్పడం, పెద్దగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ చక్కెర పరీక్ష చేయించుకోమని చెప్పే సూచనలే.

మూడు పరీక్షలు, మూడు కథలు

గీతలు ఎక్కడ గీశారో స్పష్టంగా చెప్పుకోవాలి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రకారం పరగడుపున గ్లూకోజు డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది గీతను 110 దగ్గర ఉంచింది. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉన్నా ప్రీడయాబెటిసే. హెచ్‌బీఏ1సి అనే మూడు నెలల సగటు పరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం ఉన్నా అంతే. ఆ పై అంకెలు దాటితే మధుమేహం.

ఈ మూడూ ఒకే మనిషిలో ఒకే మాట చెప్పాలని లేదు. రాత్రంతా ఏమీ తినకపోయినా కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ దాన్ని అదుపు చేయలేకపోతే పరగడుపు అంకె పెరుగుతుంది. తిన్న తరువాత వచ్చే గ్లూకోజులో పెద్ద వాటాను కండరాలు తీసుకోవాలి. కండరాలు మొరాయించినా, క్లోమం నుంచి ఇన్సులిన్ ఆలస్యంగా వచ్చినా రెండు గంటల అంకె పెరుగుతుంది. పరగడుపు అంకె 96 ఉండి, గ్లూకోజు తాగాక 170 చూపేవారు ఉంటారు. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లేవారు వీళ్లే.

మన ల్యాబుల్లో మామూలుగా జరిగేది వేరు. పొద్దున పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, ఎదురుగా ఉన్న హోటల్లో రెండిడ్లీ తిని, టీ తాగి, రెండు గంటలకు మళ్లీ ఇస్తారు. ఒకరు రెండిడ్లీ తింటారు, ఇంకొకరు పూరీ తింటారు. అసలు జబ్బు ఉన్నవారికి మందు ఎలా పనిచేస్తోందో చూడటానికి అది చాలు. గీతకు ఇవతల ఉన్నవారిని పట్టుకోవడానికి చాలదు. దానికి ఓరల్ గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష కావాలి. ముందు మూడు రోజులు ఎప్పటిలాగే తినాలి. ఎనిమిది నుంచి పది గంటలు ఉపవాసం ఉండి వచ్చి, మొదటి రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన గ్లాసెడు నీళ్లు ఐదు నిమిషాల్లో తాగాలి. ఆ రెండు గంటలూ నడవకుండా, ఏమీ తినకుండా, పొగ తాగకుండా కూర్చోవాలి. పరీక్షకు వారం ముందు అన్నం మానేసి, తీపి మానేసి వెళ్తే డాక్టరు చేతికి వచ్చేది ఆ వారం లెక్కే, ఆ మనిషి లెక్క కాదు.

హెచ్‌బీఏ1సికి పరగడుపు అక్కర్లేదు, అది దాని సౌకర్యం. అయితే అది ఎర్రరక్తకణాల మీద ఆధారపడిన పరీక్ష. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల భారతీయ మహిళల్లో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఐరన్ లోపం ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే పెరిగి కనబడవచ్చు. రక్తస్రావం వల్లా, కణాలు త్వరగా నశించే జబ్బుల వల్లా తగ్గి కనబడవచ్చు. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ లక్షణం ఉన్నవారికి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. కాబట్టి ఒక అంకె గీత దగ్గర తచ్చాడుతుంటే రెండో పరీక్షతో సరిచూసుకోవడం అవసరం.

సన్నని ఒంట్లో దాగిన కొవ్వు

"నేను లావు లేను కదా, నాకెందుకొస్తుంది?" అనేది చాలామంది అడిగే ప్రశ్న. దానికి 2004లో లాన్సెట్ పత్రిక అచ్చువేసిన ఒక ఫొటో జవాబు చెబుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కొవ్వు శాతం కొలిస్తే యుడ్కిన్‌కు 9.1, యాజ్నిక్‌కు 21.2. ఒకే ఎత్తుబరువుల లెక్కలో రెట్టింపుకు మించిన కొవ్వు. భారతీయులకు చేతులూ కాళ్లూ సన్నగా ఉన్నా పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు చేరుతుంది, కండ తక్కువగా ఉంటుంది. అమెరికాలో ఆసియా మూలాలున్న వారిని బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్షించాలని అక్కడి డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతున్నది ఇందుకే. డాలస్‌లో ఉన్నా, ద్రాక్షారామంలో ఉన్నా తెలుగువారి ఒంటికి ఇదే కొలత.

ఈ తీరు తల్లి గర్భంలోనే మొదలవుతుందని యాజ్నిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో చూపించింది. దీనికి తెలుగు నేల మీద జరిగిన ఒక గొప్ప అధ్యయనం తోడు నిలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు నగరం దగ్గరి 29 పల్లెల్లో ఒక ప్రయత్నం చేసింది. అంగన్‌వాడీ పథకం ముందుగా అందిన 15 పల్లెల్లో గర్భిణులకు రోజూ సుమారు 600 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీను, ఆరేళ్లలోపు పిల్లలకు అందులో సగం అదనంగా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మాలా వండి పెట్టేవారు. మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక 1,165 మందిని మళ్లీ పరీక్షించి, ఫలితాలను 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఉన్నారు. ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడాన్ని కొలిచే సూచీ వారిలో 20 శాతం తక్కువగా ఉంది. అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణికి పెట్టే ఒక పూట భోజనం పదిహేనేళ్ల తరువాత బిడ్డ ఒంట్లో కనబడింది. ఆ భోజనంలో కోత పెట్టాలని ఎవరు ప్రతిపాదించినా ఈ 29 పల్లెల లెక్కను ముందు పెట్టి అడ్డుకోవాలి.

టేపు చాలు

ఎవరికి ప్రమాదం ఎక్కువో తెలుసుకోవడానికి సూది కూడా అక్కర్లేదు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ తయారుచేసింది. నాలుగు ప్రశ్నలు, మొత్తం వంద మార్కులు. వయసు 35 నుంచి 49 అయితే 20, యాభై, ఆపైన అయితే 30. నడుము చుట్టుకొలత ఆడవారికి 80 నుంచి 89 సెంటీమీటర్లు, మగవారికి 90 నుంచి 99 ఉంటే 10, ఆపైన 20. వ్యాయామమూ లేక, కూర్చుని చేసే పనే అయితే 30. వ్యాయామమో, ఒళ్లు వంచే పనో ఏదో ఒకటి ఉంటే 20, రెండూ ఉంటే సున్నా. తల్లిదండ్రుల్లో ఒకరికి మధుమేహం ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60, ఆపైన వస్తే ప్రమాదం ఎక్కువ.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నలభై రెండేళ్ల ఆఫీసు ఉద్యోగి. చూడటానికి లావు కాదు. నడుము 94 సెంటీమీటర్లు. రోజంతా కంప్యూటరు ముందు పని, బండి మీద రాకపోకలు. తల్లికి షుగర్ ఉంది. వయసుకు 20, నడుముకు 10, కదలకపోవడానికి 30, తల్లికి 10. మొత్తం 70. ఈ మనిషి తనకు ఏమీ లేదనుకుంటూ తిరుగుతుంటాడు. ఈ వారంలోనే పరీక్ష చేయించుకోవలసిన మనిషి.

నడుము కొలవడంలో ఒక జాగ్రత్త ఉంది. ప్యాంటు సైజు నడుము సైజు కాదు, బెల్టు పొట్ట కిందికి జారి ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చుట్టి చూడాలి.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పు తరువాత పోయిందని చెప్పిన స్త్రీలకు ఈ సభ తరఫున ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. వారికి ముందుముందు మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయిన ఆరు నుంచి పన్నెండు వారాల్లో గ్లూకోజు తాగి చేసే పరీక్ష ఒకసారి, ఆ తరువాత ఒకటి నుంచి మూడేళ్లకొకసారి చేయించుకోవాలి. పురిటి నెలల్లో అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. తల్లి పరీక్ష తారీఖు గుర్తుపెట్టుకునే బాధ్యత భర్త తీసుకోవాలి.

ఆపవచ్చని తేలింది

ఈ దశలో కలగజేసుకుంటే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు ప్రపంచం నలభై ఏళ్లుగా జవాబు వెతికింది. చైనాలో దాచింగ్ అనే చమురు నగరంలో 1986లో 577 మందితో అధ్యయనం మొదలైంది. ఆరేళ్లు ఆహారం, వ్యాయామం మార్పించారు. ముప్పై ఏళ్ల తరువాత చూస్తే, మార్పులు చేసుకున్నవారికి మధుమేహం సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం తగ్గాయి. ఆయుర్దాయం దాదాపు ఏడాదిన్నర పెరిగింది. ఫిన్లాండులో 522 మందితో చేసిన అధ్యయనంలో మధుమేహం ముప్పు 58 శాతం తగ్గింది. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలోనూ బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో సరిగ్గా అదే 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 31 శాతమే.

మనకు దగ్గరిది చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ నడిపిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం. 531 మంది, సగటు వయసు 46 దరిదాపు. ఏ ప్రత్యేక శ్రద్ధా తీసుకోనివారిలో మూడేళ్లలో వందకు 55 మంది మధుమేహంలోకి జారిపోయారు. అమెరికా అధ్యయనంలో అదే మూడేళ్లకు జారినవారు వందకు 29 మంది. మనవాళ్లు ఎంత వేగంగా గీత దాటుతారో ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. బీరువాలో రిపోర్టు పెట్టి ఊరుకోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చెన్నైలో తిండి, నడక మార్చుకున్నవారిలో ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడినవారిలో 26.4 శాతం, రెండూ కలిపిన వారిలో 28.2 శాతం. మాత్ర చేర్చినందువల్ల అదనంగా దక్కింది లేదు. ఇందులో మరో విశేషం ఉంది. తిండి, నడక మార్చుకున్నవారి బరువు పెద్దగా తగ్గలేదు, అయినా ముప్పు తగ్గింది. మా బరువు కదలడం లేదని నెల రోజులకే నడక మానేసేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. అదే బృందం 537 మంది ఉద్యోగులైన పురుషులతో చేసిన ఇంకో పరీక్ష ఫలితాలను 2013లో ప్రచురించింది. సగం మందికి సెల్‌ఫోనుకు తరచూ ఆరోగ్య సందేశాలు పంపారు. రెండేళ్లలో సందేశాలు అందినవారిలో 18 శాతం, అందనివారిలో 27 శాతం మధుమేహం బారిన పడ్డారు. ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండటానికి అంత బలం ఉంది.

విస్తట్లో వాయిలు

తెలుగు భోజనంలో ఒక పద్ధతి ఉంది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, పులుసులోకో చారులోకో అన్నం, చివర పెరుగులోకి అన్నం. ప్రతి వాయికీ గరిటెడు వేసుకుంటే తెలియకుండానే నాలుగు గరిటెలు పళ్లెంలోకి చేరతాయి. పప్పూ కూరా ఆ అన్నాన్ని కలుపుకోవడానికే అన్నట్టు వడ్డిస్తారు. 21 దేశాల్లో 1,32,373 మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2020లో చెప్పిందేమిటంటే, రోజుకు 450 గ్రాములు, అంతకుమించి తెల్లన్నం తినేవారికి 150 గ్రాములలోపు తినేవారికంటే మధుమేహం ముప్పు 20 శాతం ఎక్కువ. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం. 450 గ్రాముల అన్నమంటే సుమారు 150 గ్రాముల బియ్యం. మూడు పూటలా బియ్యం మీదే బతికే ఇంట్లో ఆ కొలత దాటడం ఏమంత కష్టం కాదు.

ఇండియాబ్ బృందమే 1,21,000 మందితో చేసిన సర్వేలో భాగంగా సేకరించిన ఆహార వివరాల విశ్లేషణను 2025లో ప్రచురించింది. భారతీయుల శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది, ప్రోటీన్ల వాటా 12 శాతమే. తెల్లబియ్యం మానేసి అంతే కొలతలో గోధుమపిండో, చిరుధాన్యాల పిండో తిన్నందువల్ల ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థాల్లో ఐదు శాతం తగ్గించి, దాని స్థానంలో పప్పుల వంటి శాకాహార ప్రోటీనో, పాలు పెరుగుల ప్రోటీనో తిన్నవారిలో తగ్గింది. కొర్రలు, సామలు, అరికెలు మంచి ధాన్యాలే. పళ్లెం నిండా కొర్రన్నం పెట్టుకుని షుగర్ రాదనుకోవడం మాత్రం తప్పు. పిండి పట్టించి కాచిన రాగిజావ రక్తంలోకి త్వరగానే చేరుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, గ్లైసీమిక్ సూచీ 51 దరిదాపుల్లో ఉన్న మంచి బియ్యం. అది తింటున్నాం కదా అని మరో గరిటె వేసుకుంటే ఆ మంచి అక్కడికక్కడే చెల్లు.

అయితే ఏం చేయాలి? అన్నం మానేయమని ఈ ఉపన్యాసం చెప్పదు, చెప్పినా నిలిచే సలహా కాదది. వాయిలు రెండుకు తగ్గించి, పప్పూ కూరా రెట్టింపు చేయడం చేయగలిగిన పని. భోజనానికి కూర్చోగానే ముందు కూర, పప్పు, గుడ్డు, చేప తిని, అన్నాన్ని చివరికి ఉంచుకుంటే తిన్నాక చక్కెర పెరగడం తగ్గుతుందని న్యూయార్కులోని వీల్ కార్నెల్ వైద్య కళాశాల చిన్న అధ్యయనంలో తేలింది. మన వంటింట్లో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. ఇడ్లీ బదులు పెసరట్టు, సాయంత్రం బజ్జీల బదులు శనగ గుగ్గిళ్లు, చలికాలంలో ఉలవచారు, భోజనం చివర మజ్జిగ, పండ్లరసం బదులు జామకాయ. టీల లెక్క కూడా తీయాలి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు అంటే ముప్పై గ్రాములకు పైగా పంచదార. అది ఎవరూ తీపి కింద లెక్కవేయని తీపి.

కండరం చేసే పని

ఇక్కడ సుబ్బారావు ప్రయోగశాలలోకి మళ్లీ వెళ్లాలి. కండరం పనిచేసినప్పుడు ఏటీపీ ఖర్చవుతుంది. తక్షణం దాన్ని నింపడానికి ఫాస్ఫోక్రియాటిన్ తోడ్పడుతుంది. పని సాగేకొద్దీ కణంలో ఏఎంపీ అనే మిగులు పదార్థం పెరుగుతుంది. అది పెరిగిందని ఏఎంపీకే అనే ఎంజైము పసిగట్టి, ఇతర సంకేతాలతో కలిసి, కణం లోపల దాగిన గ్లూట్4 అనే రవాణా ప్రోటీన్లను కణం పైపొర మీదికి రప్పిస్తుంది. అవి రక్తంలోని గ్లూకోజును లోపలికి లాగుతాయి. ఇదంతా ఇన్సులిన్ ఆజ్ఞ లేకుండా జరుగుతుంది. ఇన్సులిన్ మాట వినడం మానేసిన కండరం కూడా నడిస్తే గ్లూకోజును తీసుకుంటుంది. ప్రీడయాబెటిస్ ఉన్న మనిషికి నడక ఎందుకు మందుతో సమానమో 1927, 1929 నాటి ఆ పరిశోధనలు పునాదిగా ఇవాళ వివరించగలుగుతున్నాం.

అందుకే భోజనం అయిన వెంటనే పడక కుర్చీలోకి చేరకుండా పదిహేను నిమిషాలు నడవాలి. వయసు మళ్లినవారిలో చేసిన ఒక అధ్యయనంలో మూడు భోజనాల తరువాతా పదిహేనేసి నిమిషాల నడక, రోజు మొత్తంలో చక్కెరను అదుపు చేయడంలో ఒకేసారి నలభై ఐదు నిమిషాల నడకకు తీసిపోలేదు. రాత్రి భోజనం తరువాత పెరిగే చక్కెరను ఇంకా బాగా తగ్గించింది. వ్యాయామం ఇచ్చే మేలు ఒకటి రెండు రోజులే ఉంటుంది కనుక వరసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వకూడదు. ఆఫీసులో అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. నడకతో పాటు కండ పెంచే పనీ కావాలి. వారానికి రెండు మూడు సార్లు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది పదిహేను సార్లు లేచి కూర్చోవడం ఇంట్లోనే చేయవచ్చు. బరువు ఎక్కువున్నవారు ఐదు నుంచి ఏడు శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకోవాలి. డెబ్భై కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఐదు కిలోలు. సన్నగా ఉన్నవారు తూకం కంటే నడుము కొలతనూ కండనూ చూసుకోవాలి.

మందు ఎవరికి? బాగా లావున్నవారికి, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారికి, ఆరు నెలలు ప్రయత్నించినా అంకెలు పైకే వెళ్తున్నవారికి మెట్‌ఫార్మిన్ గురించి డాక్టరు ఆలోచిస్తారు. ఎక్కువ కాలం వాడితే బీ12 తగ్గుతుంది కనుక దాన్నీ పరీక్షించుకోవాలి. పక్కింటివారి మాత్ర తెచ్చుకుని వేసుకోకూడదు. కషాయాల మీద, పొడుల మీద ఆరు నెలలు ఖర్చుపెట్టి పరీక్షే మానేయడం అంతకంటే నష్టం.

భయపెట్టడం ఈ ఉపన్యాసం ఉద్దేశం కాదు. ప్రీడయాబెటిస్ అనే ముద్ర వేసి ఆరోగ్యవంతులను రోగులుగా మారుస్తున్నారని విమర్శించిన వైద్యులున్నారు. పైన చెప్పిన ఫొటోలోని జాన్ యుడ్కినే 2014లో ఆ మాట రాశారు. అందులో నిజం ఉంది. డెబ్భై ఐదేళ్ల వయసు దరిదాపుల్లో ఉన్నవారిని అమెరికాలో గమనించినప్పుడు, ఈ స్థితిలో ఉన్నవారిలో మధుమేహంలోకి జారినవారు కొద్దిమందే. ఆ వయసు తాతగారి ఎదుటి మామిడిపండు లాగేసుకోనక్కర్లేదు. ముప్పైల్లో, నలభైల్లో ఉన్న భారతీయులకు మాత్రం ఆ ఊరట వర్తించదు. వారి ముందు ఇంకా ముప్పై నలభై ఏళ్ల జీవితం ఉంది, వారు గీత దాటే వేగమూ ఎక్కువే. మధుమేహం బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే శక్తి దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం అంచనా వేసింది. పైన చెప్పిన 3,234 మంది అమెరికా అధ్యయనంలో, ఇంకా మధుమేహం రానివారిలోనే 7.9 శాతం మందికి కంటి రెటీనాలో మచ్చలు కనబడ్డాయి. మరోవైపు ఒక్కసారైనా మామూలు అంకెలకు తిరిగి వచ్చినవారికి తరువాతి కాలంలో మధుమేహం ముప్పు 56 శాతం తక్కువని అదే బృందం 2012లో చూపింది. వెనక్కి రావడం సాధ్యమే, వచ్చినందుకు ఫలితమూ ఉంది.

ఇది ఒక్కో మనిషి పట్టుదలకే వదిలేసే వ్యవహారం కాదు. వీధిలో నడిచే చోటు లేకపోతే నడక ఎక్కడ? బడి క్యాంటీన్లో శీతల పానీయాలే ఉంటే పిల్లలు ఏం తాగుతారు? పురపాలకులు కాలిబాటలు వేయాలి, చీకటిపడ్డాక ఆడవాళ్లు భయం లేకుండా నడిచేలా దీపాలు వెలిగించాలి. చౌక దుకాణాల్లో బియ్యంతో పాటు కందిపప్పు, శనగపప్పు తప్పకుండా, సరిపడా అందాలి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చక్కెర, రక్తపోటు పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నడుము కొలత అడిగితే, ప్రశ్నల ఫారం తీస్తే, పని ఉందని పంపేయకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి జవాబులు చెప్పండి.

ఈ సభకు వచ్చిన ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. ఇంటికి వెళ్లాక టేపుతో ఇంటిల్లిపాదీ నడుములు కొలవండి, నాలుగు ప్రశ్నల స్కోరు వేయండి. అరవై మార్కులు, ఆపైన వచ్చినవారు ఈ నెలలోనే గ్లూకోజు తాగి చేసే పరీక్షకు వెళ్లండి. పాత రిపోర్టులో పరగడుపు అంకె 100, ఆపైన గానీ, హెచ్‌బీఏ1సి 5.7, ఆపైన గానీ ఉంటే ఆ కాగితాన్ని బయటికి తీసి డాక్టరుకు చూపించండి, మళ్లీ పరీక్ష ఎప్పుడో తారీఖు రాయించుకోండి. ఏడాదికొకసారి తప్పకుండా చూపించుకోండి.